కాలు పొడుగైపోయిందన్న మాస్టారు

ఈ కేసు రాస్తానని అడిగితే మాస్టారు రెండే మాటలు అన్నారు: "నా పేరు రాయకండి. మీరు చేసిన పొరపాటు మాత్రం దాచకండి." పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పొరపాటు దాచను. ఆపరేషన్ తర్వాత మూడో వారంలో నేను తొందరపడ్డాను. దాన్ని సరిదిద్దడానికి ఆయనా నేనూ మరో రెండు నెలలు కష్టపడాల్సి వచ్చింది. తుంటి మార్పిడి చేయించుకునే చురుకైన మనుషులకూ, వాళ్లను నడిపించే నాలాంటి ఫిజియోలకూ ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

వచ్చినప్పుడు

వయసు 47. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒడియా మీడియం హైస్కూల్లో పీఈటీ, అంటే ఆటల మాస్టారు. ఇంట్లో తెలుగు, గ్రౌండులో ఒడియా. పొద్దున్నే ఐదింటికి మహేంద్రతనయ నది వైపు ఆరు కిలోమీటర్ల పరుగు, సాయంత్రం పిల్లలతో వాలీబాల్. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడం ఇరవయ్యేళ్ల అలవాటు. దాదాపు 1500 మీటర్ల కొండ అది. బరువు 68 కిలోలు. బీపీ, షుగర్ లేవు. మందు, సిగరెట్ ముట్టరు.

2021 మేలో కోవిడ్ వచ్చి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆ రోజుల్లో ప్రాణం నిలబెట్టిన మందు అది, దాన్ని తప్పుపట్టను. 2022 చివర్లో కుడి మోకాలి లోపలి వైపు నొప్పి మొదలైంది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు వైద్యమంతా మోకాలికే జరిగింది. నూనె మర్దన, బెల్టు, రెండు ఇంజెక్షన్లు, మూడు ఎక్స్‌రేలు. ఎక్స్‌రేలో మోకాలు శుభ్రంగా ఉంది. "వయసు వస్తోంది కదా, పరుగు తగ్గించండి" అని చెప్పి పంపేశారట.

2024 జూన్‌లో మోకాలి ఎక్స్‌రేల కవరుతో నా దగ్గరికి వచ్చారు. నడిచి వస్తుంటేనే అనుమానం వచ్చింది. మోకాలు ముట్టుకోకుండా ముందు ఒక ప్రశ్న అడిగాను, "సాక్సు ఎలా తొడుక్కుంటున్నారు మాస్టారూ?"

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ చెప్పారు: "కుడికాలి సాక్సు నేనే తొడుగుతున్నాను బాబూ. నాలుగు నెల్లయింది. గోళ్లు కూడా నేనే తీస్తన్నాను. ఏటో, ఆ కాలు దగ్గరకి రానివ్వరు."

సాక్సు తొడుక్కోలేకపోవడం, కాలిగోళ్లు తీసుకోలేకపోవడం మోకాలి జబ్బు చెప్పే మాటలు కావు, తుంటి చెప్పే మాటలు. పడుకోబెట్టి మోకాలు మడిచి, పాదాన్ని బయటికి తిప్పుతూ తుంటిని లోపలికి తిప్పి చూశాను. ఎడమది 30 డిగ్రీలు తిరిగింది. కుడిది 5 డిగ్రీల దగ్గర ఆగిపోయింది, ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. అప్పుడు నొప్పి ఎక్కడని అడిగితే వేలు మోకాలి మీద కాదు, గజ్జ మీద పెట్టారు. తుంటికీ మోకాలి లోపలి వైపుకీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి. తుంటి పాడైతే మోకాలు ఏడవడం అందుకే. మోకాలి నొప్పితో వచ్చిన ప్రతి ఒక్కరి తుంటినీ తిప్పి చూడాలని నా దగ్గర పనిచేసే పిల్లలకు రోజూ చెబుతాను. అర నిమిషం పని. మాస్టారి విషయంలో ఆ అర నిమిషం దొరకడానికి ఏడాదిన్నర పట్టింది.

మిగతా పరీక్షలు త్వరగా చెబుతాను. కుడి తుంటి 85 డిగ్రీలకు మించి మడవడం లేదు. వెల్లకిలా పడుకుని ఎడమ మోకాలు గుండెకు ఆనిస్తే కుడి తొడ దానంతటది 20 డిగ్రీలు పైకి లేస్తోంది, అంటే ముందువైపు కండలు కుదించుకుపోయాయి. కుడికాలు ఒకటిన్నర సెంటీమీటరు పొట్టిగా ఉంది. కుడికాలి మీద ఒంటికాలితో నిలబడితే ఎడమ పక్క నడుము కిందికి జారుతోంది. దీన్ని ట్రెండెలెన్‌బర్గ్ గుర్తు అంటాం, 1895లో ఆ పేరు గల జర్మన్ సర్జన్ వివరించారు. ఈ కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి గుర్తుంచుకోమంటాను.

తుంటి ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ తీయించాం. కుడి తొడ ఎముక తల, అంటే గిన్నెలో తిరిగే బంతి, పైభాగంలో కుంగి చదునైపోయింది. అవాస్క్యులర్ నెక్రోసిస్. బంతికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోతే లోపలి ఎముక చచ్చిపోతుంది, చచ్చిన ఎముక మీద బరువు పడీ పడీ ఒకరోజు పైకప్పు కుంగుతుంది. ఎక్కువ స్టెరాయిడ్లు, మద్యం, ఎముక విరగడం, సికిల్ సెల్ ముఖ్య కారణాలు. ఒడిశాలో సికిల్ సెల్ ఎక్కువ కాబట్టి ఆ రక్తపరీక్ష కూడా చేయించాం, లేదని తేలింది. ఎంఆర్‌ఐలో ఇంకో సంగతి బయటపడింది. ఎడమ తుంటిలో కూడా చిన్న మచ్చ ఉంది. నొప్పి లేదు, బంతి గుండ్రంగానే ఉంది. మొదటి దశ. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఆపరేషన్‌కి ముందు ఐదు నెలలు

బంతి కుంగకముందైతే ఎముకకు రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్ ప్రయత్నించవచ్చు. కుడివైపు ఆ అవకాశం దాటిపోయింది. విశాఖలో సర్జన్ పూర్తి తుంటి మార్పిడి అన్నారు. మాస్టారు స్కూలు ఆటల పోటీలు అయ్యాకే అన్నారు. నవంబరు చివరి వారానికి కుదిరింది.

ఆ ఐదు నెలలు వృథా కాలేదు. ఎడమ చేతిలో కర్ర పట్టించాను. కుడి తుంటి నొప్పికి ఎడమ చేతిలో కర్ర ఎందుకని అందరూ అడిగేదే ఆయనా అడిగారు. కావడి ఉదాహరణ చెప్పాను. కొండమీది నుంచి సంతకు కావళ్లు మోసుకొచ్చేవాళ్లను మా ఊళ్లో చిన్నప్పటి నుంచి చూస్తాం. బద్ద సరిగ్గా మధ్యలో భుజం మీద ఆనితే తేలిక. భుజం ఒక కొసకి దగ్గరగా ఉంటే, పొట్టి వైపు చేత్తో బలంగా నొక్కి పట్టాలి, లేకపోతే పొడుగు వైపు బరువు నేలకు జారుతుంది. తుంటి అలాంటి కావడే. ఒంటికాలి మీద ఉన్న క్షణంలో ఒంటి బరువంతా పొడుగు వైపు వేలాడుతుంది, పొట్టి వైపున పిర్ర పక్క కండ ఒక్కటే నొక్కి పట్టాలి. బరువూ ఆ పట్టూ కలిసి కీలు మీద పడే భారం ఒంటి బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్లు ఉంటుంది. ఎడమ చేతిలో కర్ర అంటే పొడుగు వైపు కింద ఒక చెయ్యి ఆసరా పెట్టినట్టు. ఆయనకు వెంటనే అర్థమైంది. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం నిలబడ్డ ఊరు మాది. ఇక్కడి పేషెంటుకి అర్థంకాని మాటలో వ్యాయామం చెప్పడం నాకు తప్పనిపిస్తుంది.

కర్ర దగ్గరా ఒక సమస్య వచ్చింది. తండ్రిగారి కర్ర ఉందని తెచ్చారు. పిడి మా ఊరి కొమ్ము పని, నల్లగా నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉంది. కానీ మూడంగుళాలు పొడుగు. చేతులు వదిలేసి నిలబడితే మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. ఈ కర్ర పట్టుకుంటే ఎడమ భుజం చెవి దాకా లేస్తోంది. కోయిద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు. కర్ర గోడకి వెళ్లింది, అల్యూమినియం కర్ర చేతికొచ్చింది.

ఆపరేషన్‌కి రెండు వారాల ముందు వాళ్ల ఇంటికి వెళ్లాను. ప్రతి తుంటి కేసుకీ వెళ్తాను. పొడవాటి పాతకాలపు ఇల్లు. వీధి అరుగుకి రెండు మెట్లు, మూడు గడపలు, పెరట్లో మరుగుదొడ్డి, అదీ నేల మీద కూర్చునేది. మంచం ఎత్తు చూశాను. కూర్చుంటే మోకాలు తుంటి కన్నా పైకి వస్తోంది. కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించాను. ముందు గదిలో కమోడ్ కుర్చీ. గడపల దగ్గర గోనెపట్టాలు, కాలికి తగిలే వైర్లు తీయించాను. ఆవిడ పీట వేసుకుని నేల మీద వడ్డిస్తారు. ఇక టేబుల్ మీదే అన్నాను. "పండక్కి కూడానా బాబూ?" అని అడిగారు. సంక్రాంతికి కూడా అని చెప్పాను.

ఆపరేషన్

నడుముకు మత్తు ఇచ్చి చేశారు. వెనకవైపు నుంచి కోత. సిమెంటు వాడకుండా ఎముకకు బిగుసుకునే రకం గిన్నె, తొడ ఎముకలోకి దిగే కాడ. సిరామిక్ బంతి, గిన్నె లోపల గట్టిపరిచిన పాలిథిన్ పొర. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ లోహపు బంతీ ప్లాస్టిక్ గిన్నెతో నిలబెట్టిన పద్ధతే ఇన్నేళ్లుగా మెరుగుపడుతూ వచ్చింది. గంటన్నరలో అయిపోయిందని మాస్టారు ఫోన్‌లో ఆశ్చర్యపోయారు. మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు, మూడో రోజు మెట్లు ఎక్కించారు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

నాలుగో రోజు కారులో ఇంటికి. నాలుగు గంటలు దాటే ప్రయాణం. ముందు సీటు వెనక్కి జరిపి, వాల్చి, కింద గట్టి దిండు వేసుకోమని చెప్పాను. గంటకోసారి దిగి నాలుగడుగులు వేయాలి, కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మొదటి వారాల్లో ఎక్కువ. అందుకే రక్తం పలచబడే మాత్రలు 35 రోజులకు రాశారు. పిక్క వాచి బిగుసుకుంటే, ఊపిరి ఆడకపోతే నాకు ఫోన్ చేయొద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్లాలని ఆవిడ చేత రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాను.

వెనకనుంచి కోత పెట్టారు కాబట్టి మూడు పనులు చేయకూడదు. తుంటి 90 డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. మూడూ కలిశాయంటే బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు. మొదటి మూడు నెలలు ఆ భయం ఎక్కువ. భార్యాభర్తల విషయం ఎవరూ అడగరు, కాబట్టి నేనే చెబుతాను. గాయం మానాక, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఇవే మూడు జాగ్రత్తలతో.

నా పొరపాటు

మొదటి రెండు వారాలు కలలా గడిచాయి. రెండేళ్లుగా పీడించిన నొప్పి ఆపరేషన్ బల్ల మీదే పోయింది. నొప్పి పదికి రెండు. పద్నాలుగో రోజు కుట్లు తీశారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చునే పరీక్షలో రెండో వారం 21 సెకన్లు, మూడో వారం 13. వీధి చివరి దాకా వాకర్‌తో వెళ్లొస్తున్నారు. "ఇంకా ఈ బండి ఎందుకండీ? ముసలాళ్లలాగ" అన్నారు.

నేను వాకర్ తీసేసి ఎడమ చేతికి కర్ర ఇచ్చాను.

వేగం చూశాను. నొప్పి చూశాను. ఒంటికాలి మీద నిలబెట్టి చూడలేదు. రాసుకునే కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంది, ఇప్పటికీ ఉంది. వెనకనుంచి నడక వీడియో తీసుకోలేదు. ఆయన క్రీడాకారుడు, కండ త్వరగా వస్తుందనుకున్నాను. రెండేళ్లపాటు నొప్పికి భయపడి పడుకున్న కండ అది. ఆపరేషన్‌లో కీలు మారింది, కండ అదే. ఆ సంగతి నేను మర్చిపోయాను.

మాస్టారు తన జీవితమంతా ఒకటే సూత్రం మీద నడిచిన మనిషి: చేయలేకపోతే ఇంకొంచెం ఎక్కువ చెయ్యి. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. నాలుగో వారానికి రోజుకు తొమ్మిది వేలు. సాయంత్రం గ్రౌండుకి కూడా వెళ్తున్నారు. అక్కడ ఒకరోజు జరిగింది ఆయన నోటితోనే విన్నాను. కుర్చీలో కూర్చుని ఉన్నారు. బంతి దొర్లుకుంటూ కుడిపాదం దగ్గరికి వచ్చింది. "నేను వంగాలనుకోలేదండి. చెయ్యే వెళ్లిపోయింది." నడుము సగం వంగాక తొమ్మిదో తరగతి కుర్రాడు "సార్!" అని అరిచి భుజం పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. చెబుతున్నప్పుడు మాత్రం ఆయన చేతులు వణికాయి.

ఆ వారమే రాత్రిళ్లు తుంటి బయటివైపు నొప్పి మొదలైంది. పదికి ఐదు. కుడివైపు ఒత్తిగిల్లలేకపోతున్నారు. ముందు ప్రమాదకరమైనవి లేవని తేల్చుకోవాలి. జ్వరం లేదు, కోత పొడిగా ఉంది, ఎరుపు లేదు. రెండు పిక్కల చుట్టుకొలతా ఒకటే. అయినా సర్జన్‌తో మాట్లాడి, సిరల్లో రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్, ఎక్స్‌రే తీయించాం. రక్తం గడ్డ లేదు, కీలు ఉండాల్సిన చోటే ఉంది. కారణం ఆవిడ చెప్పారు, "ఏటి బాబూ, పడవలో నిలబడ్డట్టు ఊగుతన్నారు. ఆపరేషన్ ముందు కూడా ఇంత ఊగలేదు."

వెనకనుంచి వీడియో తీశాను. కుడికాలు నేలకు ఆనిన ప్రతిసారీ ఒళ్లంతా కుడిపక్కకు ఒరుగుతోంది. పక్క కండ కావడిని పట్టలేక, శరీరం బరువునే కండ మీదికి విసురుకుంటోంది. పాత తుంటితో నేర్చుకున్న కుంటు అది. రోజుకు నాలుగున్నర వేలసార్లు, కొత్త తుంటితో దాన్నే సాధన చేస్తున్నారు. ఆయనకు ఆ అవకాశం ఇచ్చింది నేను.

చెప్పు

ఆ సోమవారమే మాస్టారు ఇంకో విషయం తెచ్చారు. చెప్పులు విప్పి బల్ల మీద పెట్టారు. తోలు చెప్పులు. ఎడమ చెప్పు మడమ కింద రబ్బరు పొర ఒకటి కొత్తగా కుట్టి ఉంది, అంచు నీటుగా చెక్కి, మేకులు కనపడకుండా. దాదాపు రెండు సెంటీమీటర్లు.

"కుడికాలు పొడుగైపోయిందండి. డాక్టరుగారు పొడుగు పెట్టేశారు. సమం చేయించుకున్నాను," అన్నారు. గొంతులో కోపం లేదు, అనుకున్నదానికన్నా పెద్ద బాధ ఉంది. ఒక్క పని కోసం జీవితాంతం చెప్పు కుట్టించుకోవాలా అన్న బాధ.

పడుకోబెట్టి టేపు తీశాను. ముందు, నడుము ముందు భాగంలో చేతికి తగిలే ఎముక మొన నుంచి చీలమండ లోపలి మొన దాకా. కుడి 88, ఎడమ 88. మళ్లీ కొలిచాను, అంతే. తర్వాత బొడ్డు నుంచి చీలమండ దాకా కొలిచాను. కుడి 97.8, ఎడమ 96. ఆయన చేతికే టేపు ఇచ్చి చూపించాను. ఎముకల కొలత సమానం. బొడ్డు నుంచి కొలిస్తే కుడి పొడుగు. ఎక్స్‌రేలో సర్జన్ కొలిచిన తేడా 3 మిల్లీమీటర్లే.

అంటే కాలు పొడుగు కాలేదు, కటి, అంటే నడుము కింది ఎముకల చట్రం, ఒక పక్కకు వాలింది. రెండేళ్లలో బంతి కుంగి కుడికాలు ఒకటిన్నర సెంటీమీటరు పొట్టిదైనప్పుడు నడుము, వెన్ను, మెదడు అన్నీ ఆ పొట్టికాలికి సర్దుకుపోయాయి. పొట్టిదే సమానం అని నమ్మేశాయి. సర్జన్ కాలిని అసలు కొలతకు తెచ్చాక, సమానమైన కాలే పొడుగ్గా తోస్తోంది. దానికి తోడు బిగుసుకున్న పక్క కండ, ముందు కండ ఆ వైపు కటిని కిందికి లాగుతున్నాయి. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో ఇది సర్దుకుంటుంది. ఈలోగా రెండోకాలి చెప్పు ఎత్తు చేస్తే, వాలిన కటి అలాగే స్థిరపడుతుంది. బిగువు సడలడానికి కారణమే ఉండదు.

ఆయన చాలాసేపు టేపు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "మరి నాకు తెలుస్తున్నది అబద్ధమా?" అని అడిగారు. అబద్ధం కాదు. ఆ భావన నిజమే, దాన్ని కొట్టిపారేసిన ఫిజియో దగ్గరికి పేషెంటు మళ్లీ రాడు. కాకపోతే అది ఎముక చెబుతున్న మాట కాదు, పాత అలవాటు చెబుతున్న మాట అని చెప్పాను. ఆ రబ్బరు పొర ఊడదీయించుకుని వచ్చారు.

రెండు క్రచ్‌లతో మళ్లీ

ఐదో వారం చివర కర్ర తీసుకుని, ముంజేతికి ఆసరా ఉండే ఎల్బో క్రచ్‌లు రెండు ఇచ్చాను. అడుగులు రోజుకు రెండు వేలు, అంతకు మించి ఒక్కటీ వద్దన్నాను. పొరపాటు నాదని ఆవిడ ఎదురుగానే చెప్పాను. చెప్పకపోతే ఆయన తన శరీరాన్నే తిట్టుకుంటారు.

"పిల్లలు చూస్తే ఏటనుకుంటారండీ?" అన్నారు. కొంచెం ఆగి ఆయనే అన్నారు, మోచెయ్యి వంచి సర్వీస్ చేసే కుర్రాడికి పది రోజులు బంతి ఇవ్వనని. ఉత్తి చెయ్యే ఊపిస్తానని. క్రచ్‌లు తీసుకుని వెళ్లారు.

ఉత్తి చెయ్యి ఊపడం లాంటి వ్యాయామమే ఇచ్చాను. వంటింటి గట్టు ముందు నిలబడాలి, ఎదురుగా నిలువుటద్దం. వేళ్లు గట్టుకి ఆనించి, ఎడమపాదం నేల నుంచి రెండంగుళాలు మాత్రం లేపాలి. కటి జారిందో లేదో ఆయనకు అద్దంలో తెలియడం లేదు. ఆవిడే ఉపాయం కనిపెట్టారు. నిక్కరు మీద, నడుము ఎముక మొనల దగ్గర, చెరో పక్కా ఒక ఎర్రని బొట్టుబిళ్ల అతికించారు. రెండు బొట్టుబిళ్లలూ ఒకే ఎత్తులో ఉన్నంతసేపే లెక్క. ఎడమది కిందికి జారినా, ఒళ్లు కుడికి ఒరిగినా లెక్క ఆగిపోతుంది. గ్రౌండు అలవాటు కొద్దీ ఆయన ఒడియాలో లెక్కపెట్టేవారు. "ఎక, దుయి, తిని, చారి..." మొదటిరోజు చారి దగ్గర బిళ్ల జారింది. వాలీబాల్ నెట్ దగ్గర రెండు గంటలు ఎగిరే మనిషి నాలుగు సెకన్లు నిలబడలేకపోయారు. చెమట పట్టింది.

ఇది కాక రోజుకు రెండుసార్లు ఇరవై నిమిషాలు, కాళ్ల మధ్య దిండు పెట్టుకుని బోర్లా పడుకోవడం, ముందు కండ సాగడానికి. మోకాళ్లు మడిచి పడుకుని నడుము లేపడం. కుడి మడమ నేలకు ఆనించి, బొడ్డుని కుడిపాదం మీదికి నెమ్మదిగా తెచ్చి ఆగడం, పక్క బిగువు సడలడానికి. ఇంతే. రబ్బరు బ్యాండ్లు, బరువులు అడిగారు, ఎనిమిదో వారం దాకా ఇవ్వలేదు. ఎక్కువ ఇస్తే ఆయన బలంతో గెంటుకుపోతారు. ఎక్కడ బలం సరిపోతుందో అక్కడ పాత అలవాటే పనిచేస్తుంది.

పది రోజుల్లో రాత్రి నొప్పి రెండుకి దిగింది. ఏడో వారం స్కూల్లో చేరారు, ఎత్తు కుర్చీ, క్రచ్‌లు, మెళ్లో ఈల. ఎనిమిదో వారం బొట్టుబిళ్లలు 12 సెకన్లు నిలిచాయి, ఒక క్రచ్ తీశాను. పదో వారం 22. ఆ వారమే బొడ్డు నుంచి కొలిస్తే తేడా 7 మిల్లీమీటర్లకు తగ్గింది. కాలు పొడుగ్గా ఉందా అని నేను అడగలేదు. ఆయనే పన్నెండో వారంలో ఒకరోజు, "ఏవండీ, ఈమధ్య కాలి సంగతి గుర్తు రాలేదు" అన్నారు.

2025 ఫిబ్రవరి 26న శివరాత్రి. ఆపరేషన్‌కి పదమూడు వారాలు. అడుగుతారని తెలుసు, అడిగారు. ఈసారి వద్దన్నాను. కొండ ఎక్కడం కన్నా దిగడం తుంటికి కష్టం, పైగా రాత్రి జాగారంతో అలిసిన కండ మొదట మర్చిపోయేది ఈ పట్టునే. వాదించలేదు. ఆ రాత్రి ఇంట్లోనే జాగారం చేశారు, నేల మీద కాదు, ఎత్తు కుర్చీలో.

పద్నాలుగో వారం

నొప్పి లేదు. కుర్చీ పరీక్ష 8 సెకన్లు. ఆరు నిమిషాల్లో 480 మీటర్లు, ఆరో వారంలో ఇది 310. తుంటి 105 డిగ్రీలు మడుస్తోంది. ఒంటికాలి మీద 30 సెకన్లు, బొట్టుబిళ్లలు కదలకుండా. కర్ర లేదు. అయితే కిలోమీటరు నడిపించి వెంటనే నిలబెడితే 14 సెకన్లకే ఎడమ బిళ్ల జారుతోంది. తాజాగా ఉన్నప్పుడు వచ్చిన పట్టు అలసినప్పుడు ఇంకా రావడం లేదు. అందుకే ఇప్పుడు వ్యాయామం నడక ముందు కాదు, నడక తర్వాత చేయిస్తున్నాను.

పరుగు గురించి సర్జన్ స్పష్టంగా చెప్పేశారు. నడక, సైకిల్, ఈత ఎంతైనా సరే. రోజువారీ పరుగు, వాలీబాల్‌లో ఎగరడం వద్దు. నేల మీద గొంతుకూర్చోవడం కూడా వద్దు. లోపల అరిగేది వాడకంతోనే, ఆయన వయసు 47. ఆ సాయంత్రం మాస్టారు నా క్లినిక్ అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. ఓదార్చే మాటలు నా దగ్గర లేవు, పక్కన కూర్చున్నాను. ముప్పయ్యేళ్లుగా తెల్లారి ఐదింటికి లేచే మనిషికి ఆ ఐదింటిని దేనితో నింపాలన్నది వ్యాయామం కాగితంలో రాయగలిగేది కాదు. సైకిల్ సీటు ఎత్తు మాత్రం కొలిచి పెట్టాను.

ఇక ఎడమ తుంటి. ఒకవైపు ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి రెండోవైపు కూడా ఉంటుంది, మాస్టారికి ఉందని ఎంఆర్‌ఐ చెప్పింది. ఆర్నెల్లకోసారి ఎంఆర్‌ఐ, నెలకోసారి నా దగ్గర కొలత. లోపలికి తిరగడం జూన్‌లో 30 డిగ్రీలు, ఇప్పుడు 28. రెండు డిగ్రీలు నా చేతి తేడా కావచ్చు. తగ్గుతూ పోతే ఈసారి కుంగకముందే విశాఖ వెళ్లాలి.

మాస్టారు తన వంతుగా ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం స్నానం చేశాక మంచం అంచున కూర్చుని ఎడమకాలి గోళ్లు తనే తీసుకుంటారు. కాలు సులువుగా దగ్గరికి వచ్చిందా లేదా చూసుకుని నాకు ఫోన్ చేస్తారు. ఎక్కువ మాట్లాడరు. "వచ్చిందండి" అని చెప్పి పెట్టేస్తారు.